మ్యూజికల్ థియేటర్ ఆడిషన్‌కి ఎలా రెడీ అవ్వాలంటే

పాట మొత్తం పాడనివ్వరండి, మామూలుగా 16 బార్లు గానీ 32 బార్లు గానీ (బార్ అంటే తాళం లెక్కన పాటలో ఒక చిన్న భాగం) అడుగుతారు, కాబట్టి మీ గొంతు బాగా పలికే ముక్కే ఎంచుకోండి. షీట్ మ్యూజిక్ (పాట స్వరాలు రాసిన కాగితం) మీద ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి అని గుర్తు పెట్టి, పియానో వాయించేవాళ్లకి మెల్లగా రెండు లైన్లు పాడి స్పీడ్ చెప్పండి, వాళ్ల ముందు చిటికెలు మాత్రం వేయొద్దు. డాన్స్ కాల్‌లో, అంటే స్టెప్పులు నేర్పి చేయించి చూసే రౌండ్‌లో, స్టెప్పు మర్చిపోయినా ఆగకండి, కౌంట్ పట్టుకుని మొహంలో పాత్ర కనపడేలా చేసేయండి. బ్రాడ్‌వేలో (న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్లలో) మామూలుగా వారానికి 8 షోలు, అందుకే గెంతుతూ పాడే ప్రాక్టీస్ ఇప్పట్నుంచే కావాలి. ఇంకోటి, స్వింగ్‌గా ఛాన్స్ వస్తే ప్లీజ్ చిన్నచూపు చూడొద్దు, ఎన్‌సెంబుల్‌లో (గుంపుగా పాడి ఆడేవాళ్లలో) ఎవరు రాకపోయినా ఆ ప్లేస్‌లో దిగేది స్వింగ్‌లే, నా దృష్టిలో అందరికంటే కష్టమైన పని అదే, ఒక్కొక్కళ్ల పొజిషన్లు ఒక్కో రంగు పెన్నుతో రాసుకోండి.