స్ట్రాటజీ పేపర్లో కేసు ఎలా చదవాలి, ఎలా రాయాలి: డీమార్ట్ ఉదాహరణతో

ఎంబీఏలో స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ వచ్చేసరికి చాలామంది దాన్ని థియరీ పేపర్‌లాగే పట్టుకుంటారు. హార్వర్డ్ ప్రొఫెసర్ మైఖేల్ పోర్టర్ చెప్పిన ఐదు శక్తులు, స్వాట్, బీసీజీ మ్యాట్రిక్స్, ఆన్సాఫ్ గడులు లాంటి విశ్లేషణ చట్రాలు కంఠతా వచ్చేస్తాయి. కేసు, అంటే ఒక కంపెనీ పరిస్థితిని కథగా, లెక్కలతో చెప్పే కాగితం, ఇవ్వగానే గడికో వాక్యం చొప్పున నింపేస్తారు. "బలం: మంచి బ్రాండ్. ముప్పు: పెరుగుతున్న పోటీ." ఇది ఏ కంపెనీకి వర్తించదు గనక? పేరు చెరిపేసి ఇంకో కంపెనీ పేరు రాసినా జవాబు చెక్కుచెదరదంటే, ఆ జవాబులో విశ్లేషణ లేనట్టే.

ఈ సబ్జెక్టులో వెతకాల్సింది వేరు. ఈ కంపెనీ దేన్ని వద్దనుకుంది? వద్దనుకున్నందుకు లెక్కల్లో ఎక్కడ మిగిలింది, ఎక్కడ పోయింది? పోటీదారు చేసే పనినే ఇంకాస్త బాగా చేయడాన్ని స్ట్రాటజీ అనలేం, వేరే పనులు ఎంచుకోవడమే స్ట్రాటజీ అని పోర్టర్ 1996లో వాదించాడు. మిగతా చట్రాలన్నీ ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి పనిముట్లు మాత్రమే.

కంపెనీని ఎంచుకోవడం

సెమిస్టర్ మొత్తానికి ఒక్క కంపెనీ పెట్టుకోండి. అది లిస్టెడ్ (షేర్లు స్టాక్ మార్కెట్లో అమ్ముడయ్యేది) అయి ఉండాలి, వీలైనంతవరకు ఒకే వ్యాపారం చేస్తూ ఉండాలి. టాటా, రిలయన్స్ జోలికి వెళ్తే సెగ్మెంట్లు, అంటే వేర్వేరు వ్యాపార విభాగాలు, విడదీయడానికే నెల పోతుంది. ఇక్కడ ఉదాహరణకి డీమార్ట్ తీసుకుందాం. అసలు కంపెనీ పేరు అవెన్యూ సూపర్‌మార్ట్స్. 2002లో ముంబై పొవైలో మొదటి దుకాణం తెరిచింది, 2017 మార్చిలో లిస్టయింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవాళ్లు నేరుగా లోపలికి వెళ్లి చూడొచ్చు. అది చిన్న లాభం కాదు.

వార్షిక నివేదికలు కంపెనీ వెబ్‌సైట్లోనూ, బీఎస్ఈ, ఎన్ఎస్ఈ స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలోనూ ఉచితంగా దొరుకుతాయి. మూడేళ్లవి దించుకోండి. మొదటి పేజీ నుంచి చదవకండి. ముందు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, తర్వాత బ్యాలెన్స్ షీట్, ఆ తర్వాత స్థిరాస్తులు, లీజులు, సరుకు నిల్వ, సరఫరాదారులకి కట్టాల్సిన బకాయిల మీద నోట్స్ చూడండి. చైర్మన్ సందేశం, మేనేజ్‌మెంట్ డిస్కషన్ చివర్లో. ముందే చదివితే కంపెనీ తన గురించి చెప్పుకున్న కథే మీ విశ్లేషణ అయి కూర్చుంటుంది.

అంకెల దగ్గర జాగ్రత్త

2023-24లో డీమార్ట్ స్టాండలోన్ (అనుబంధ సంస్థలు కలపని) అమ్మకాలు సుమారు 49,500 కోట్లు, నికర లాభం సుమారు 2,700 కోట్లు. అంటే వంద రూపాయల సరుకు అమ్మితే మిగిలేది అయిదున్నర లోపే. కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలూ కలిపిన) పద్దు చూడండి: అమ్మకాలు 50,800 కోట్ల దాకా పెరిగాయి, లాభం మాత్రం 2,540 కోట్ల దగ్గరికి పడిపోయింది. అమ్మకాలు కలిశాక లాభం తగ్గడమేమిటి? అనుబంధ సంస్థల నష్టం అందులో కలుస్తుంది, ముఖ్యంగా ఆన్‌లైన్ డెలివరీ చేసే డీమార్ట్ రెడీది. ఈ రెండు పద్దుల్లో ఒకదాంట్లోంచి అమ్మకాలు, ఇంకోదాంట్లోంచి లాభం తీసుకుని మార్జిన్ కట్టే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఏ పద్దు వాడుతున్నారో ముందే రాసుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

దుకాణానికి సగటు అమ్మకం కట్టేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. 2024 మార్చి నాటికి దుకాణాలు 365. 49,500ని 365తో భాగిస్తే దుకాణానికి 136 కోట్లు వస్తుంది. కానీ ఏడాది మొదట్లో ఉన్నవి 324 మాత్రమే. మార్చిలో తెరిచిన దుకాణానికి ఏడాది అమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటి, చివరి సంఖ్యల సగటు 344 చిల్లర తీసుకోండి, 144 కోట్లు వస్తుంది. వేగంగా విస్తరించే కంపెనీల్లో ఈ తేడా ఇంకా పెద్దది. అది పట్టించుకోకపోతే బాగా నడుస్తున్న గొలుసు దుకాణాలని నీరసపడుతున్నాయని రాసేస్తారు.

వద్దనుకున్నవాటిని పట్టుకోవడం

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క కంపెనీ చేసేవి, కుడి పక్క దానివల్ల చేయలేనివి రాయండి. కుడి పక్క ఖాళీగా ఉంటే ఎడమ పక్కది స్ట్రాటజీ కాదు, మంచి అలవాటు మాత్రమే.

డీమార్ట్ దుకాణాలు చాలావరకు సొంత భవనాల్లోనో దీర్ఘకాలపు లీజుల్లోనో నడుస్తాయి. అద్దె పెరుగుతుందన్న బెంగ లేదు, నిజమే. కుడి పక్క ఏముంది? భూమి కొనాలి, కట్టాలి, డబ్బు అందులో ఇరుక్కుంటుంది, విస్తరణ నెమ్మదిస్తుంది. మొదటి దుకాణం తెరిచిన పదిహేనేళ్లకి, లిస్టయ్యేనాటికి, దుకాణాలు 130 దాటాయంతే.

రెండోది ఇంకా ఆసక్తికరం. సరఫరాదారులకి కట్టాల్సిన బకాయిని ఏడాది సరుకు ఖర్చుతో భాగించి 365తో గుణించండి, వారం పది రోజుల దగ్గర వస్తుంది. నిల్వని అలాగే లెక్కిస్తే నెల రోజుల చుట్టుపక్కల తేలుతుంది. అంటే సరుకు అమ్ముడవకముందే దాని డబ్బు కంపెనీ కట్టేస్తోంది. ఫైనాన్స్ పేపర్లో సరఫరాదారు డబ్బుతో వ్యాపారం నడపడమే తెలివని నేర్చుకుంటాం. డీమార్ట్ సరిగ్గా దానికి ఎదురు నడుస్తోంది. మూడు వారాల పెట్టుబడి తన జేబులోంచి పెట్టి, బదులుగా కొనుగోలు ధరలో తగ్గింపు అడుగుతుంది. అప్పుల మీద నడిచే గొలుసు దీన్ని అనుకరించాలంటే ముందు వడ్డీ కట్టుకోవాలి. మొదటి విధానం రెండోదానికి ఎలా ఆసరా అవుతోందో చూశారా? అద్దె, అప్పు భారం తక్కువ కాబట్టే తొందరగా చెల్లించగలుగుతోంది. ఇలాంటి రెండు మూడు లంకెలు చూపించగలిగితే అనుకరణ ఎందుకు కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట. "ధరలు తక్కువ, కాబట్టి కాస్ట్ లీడర్ (అందరికన్నా తక్కువ ఖర్చుతో నడిచే కంపెనీ)" అని రాయకండి. ధర తగ్గించడం ఎవరైనా చేయగలరు, కొన్నాళ్లు. ఖర్చు తక్కువని చూపించాలి: అమ్మకాల్లో జీతాలెంత, అద్దెలెంత, ఇతర ఖర్చులెంత అన్నది పోటీదారు పద్దు పక్కన పెట్టి చూపించాలి.

ఐదు శక్తులు వాడే తీరు

ఉన్న పోటీదారులు, కొత్తగా వచ్చేవాళ్లు, ప్రత్యామ్నాయాలు, సరఫరాదారులు, కొనుగోలుదారులు: ఇవే ఆ ఐదు. 1979లో పోర్టర్ ఈ చట్రం ఇచ్చింది పరిశ్రమ లాభదాయకతని అంచనా వేయడానికి. కంపెనీ గొప్పదా కాదా అని తేల్చడం దీని పని కాదు. అందుకే మొదట పరిశ్రమ హద్దు గీయాలి. "రిటైల్" అంటే నగల దుకాణం కూడా వస్తుంది. మనవాళ్ల కొనుగోలు అలవాటు నుంచే హద్దు గీస్తే పని తేలికవుతుంది: నెల సరుకులు వేరు, సాయంత్రం పాలు విరిగిపోతే తెచ్చుకునే ప్యాకెట్ వేరు. రెండోదాన్ని ఎప్పటినుంచో వీధి చివరి కిరాణా చూసుకునేది, ఇప్పుడు నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే యాప్‌లు బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ కూడా చూసుకుంటున్నాయి. నెల సరుకుల హద్దులో ఇవి ప్రత్యామ్నాయాలు. నెల బుట్టలోంచి నూనె, పప్పు కూడా ఆ యాప్‌లకి జారిపోతున్నాయని మీరు చూపించగలిగితే అప్పుడవి నేరుగా పోటీదారులు. ఏదైనా సరే, హద్దు ఎక్కడ గీశారో ఒక వాక్యంలో రాయండి.

ప్రతి శక్తికీ "ఎక్కువ", "తక్కువ" అని రాసి వదిలేయకుండా, దానివల్ల ధర మీద ఒత్తిడి పడుతుందా, ఖర్చు పెరుగుతుందా, పెట్టుబడి పెట్టాల్సివస్తుందా చెప్పాలి. ఐదింటికీ సమానంగా స్థలం ఇవ్వక్కర్లేదు. సాధారణంగా రెండే లాభాన్ని తింటాయి. ఆ రెండిటికీ పేజీ, మిగతా మూడింటికీ కలిపి ఒక పేరా చాలు.

పోలిక

పోటీదారు లేకుండా రాసిన కేసు సగమే. బిగ్ బజార్ 2001లో, అంటే డీమార్ట్‌కి ఏడాది ముందు మొదలైంది. అద్దె దుకాణాలతో, అప్పులతో చాలా వేగంగా పెరిగింది. 2020 లాక్‌డౌన్‌లో అమ్మకాలు ఆగినా అద్దె, వడ్డీ ఆగలేదు. 2022లో దాన్ని నడిపిన ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దీన్నిబట్టి "అద్దె తప్పు" అని తేల్చేస్తే తొందరపాటే. అద్దె, అప్పు, వేగం మూడూ ఒకేసారి కలిసినప్పుడు ఏం జరిగిందో విడదీసి చూడండి. గెలిచినవాళ్ల పద్ధతులన్నీ గెలుపుకి కారణాలు అనుకోవడం ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా మామూలు జబ్బు.

పరీక్షలో

కేసు రెండుసార్లు చదవండి. మొదటిసారి కథ కోసం, రెండోసారి పట్టికల కోసం. జవాబు మొదలుపెట్టే ముందే సిఫారసు ఒక వాక్యంలో రాసుకోండి: "రాబోయే మూడేళ్లు ఫలానా చేయాలి, ఫలానా ఆపాలి." జవాబు ఆ వాక్యంతోనే మొదలుపెట్టండి. తర్వాత దానికి కావాల్సిన ఆధారాలు మాత్రమే పెట్టండి. కేసు కథని తిరిగి చెప్పడం పేరా దాటకూడదు, పేపర్ దిద్దేవాళ్లు అది చదివే ఉంటారు.

"ఆన్‌లైన్ మీద దృష్టి పెట్టాలి" సిఫారసు కాదు. ఏ నగరాల్లో, ఎంత పెట్టుబడితో, ఎన్నాళ్లలో, ఏ ప్రస్తుత పనిని తగ్గించి చేయాలో చెబితే సిఫారసు అవుతుంది. మీరు తోసిపుచ్చిన ఇంకో దారిని పేరు పెట్టి చెప్పండి, ఎందుకు వద్దన్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఆఖర్న మీ సలహా తప్పని ఏ అంకె చూస్తే తెలుస్తుందో రాయండి. ఉదాహరణకి, రెండేళ్ల పైబడిన దుకాణాల అమ్మకాలు వరసగా నాలుగు త్రైమాసికాలు ద్రవ్యోల్బణం కన్నా నెమ్మదిగా పెరిగితే కొత్త దుకాణాలు ఆపాలి.