సముదాయ పత్రికకు ప్రభుత్వ సాయం – మూడో పాఠం: అమ్ముడైన ప్రతుల లెక్క

గత రెండు పాఠాల్లో కెనడా ప్రభుత్వం సముదాయ పత్రికలకు ఏయే దారుల్లో సాయం అందిస్తుందో, ఏ దారి ఎవరికి నప్పుతుందో చూశాం. ఈసారి ఒక్క దారినే పట్టుకుందాం. కెనడియన్ హెరిటేజ్ శాఖ నడిపే కెనడా పీరియాడికల్ ఫండ్‌లో ప్రచురణకర్తలకు సాయం అనే విభాగం ఉంది. మీది పంజాబీ వారపత్రిక కావచ్చు, తమిళ మాసపత్రిక కావచ్చు, తెలుగు త్రైమాసిక కావచ్చు. ఆ విభాగానికి దరఖాస్తు పెట్టే ముందు ఒక విద్య పట్టుబడాలి. ఏడాదిలో ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయో లెక్కగట్టడం, ఆ లెక్కను ఎవరు అడిగినా కాగితం చూపించి రుజువు చేయడం.

ఈ లెక్కకు ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పత్రికలను తక్కువ రేటుకు తపాలాలో చేరవేయడం కెనడాలో పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్న ఆనవాయితీ. కాలక్రమంలో అది పబ్లికేషన్స్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అయింది. చందాదారుకు పత్రిక పంపే తపాలా ఖర్చులో కొంత భాగాన్ని దాని కింద ప్రభుత్వం భరించేది. 2010లో ఆ పథకం, కెనడా మ్యాగజైన్ ఫండ్ రెండూ పోయి వాటి స్థానంలో ఇప్పటి నిధి వచ్చింది. తపాలాతో ముడి వీడింది గానీ, డబ్బిచ్చి చదివే పాఠకుడే కొలమానం అన్న నియమం అలాగే నిలిచింది. అమ్ముడైన ప్రతుల సంఖ్యను ఒక సూత్రంలో వేసి సాయం మొత్తాన్ని తేలుస్తారు.

నా మటుకు నాకు ఇది మంచి పద్ధతే. ప్రభుత్వం డబ్బు తీసుకుంటే కలం వంగుతుందేమోనన్న భయం చిన్న సముదాయాల పత్రికలకు ఎక్కువ. ఇక్కడ సాయం మొత్తాన్ని ప్రతుల సంఖ్య తేలుస్తుంది. మంత్రిని మెచ్చుకున్న పత్రికకూ, నిలదీసిన పత్రికకూ సూత్రం ఒక్కటే.

ఇక అర్హత గీత. మామూలు పత్రికైతే ఏడాదికి కనీసం 5,000 ప్రతులు అమ్మాలి. జాతి, సాంస్కృతిక సముదాయాల పత్రికలకు, మూలవాసుల పత్రికలకు, అధికార భాషా అల్పసంఖ్యాకుల (క్యుబెక్‌లో ఇంగ్లీషు, మిగతా చోట్ల ఫ్రెంచి) పత్రికలకు ఈ గీతను 2,500కు తగ్గించారు. చాలామంది సంపాదకులు ఈ అంకె చూడగానే ‘మాకు రెండున్నర వేలమంది చందాదారులు ఎక్కడున్నారు’ అని ఫారం పక్కన పెట్టేస్తారు. తొందరపడకండి. అది చందాదారుల సంఖ్య కాదు, ఏడాది మొత్తంలో అమ్ముడైన ప్రతుల సంఖ్య. మాసపత్రికైతే 2,500ను 12తో భాగించండి. సంచికకు 209 ప్రతులు అమ్మితే గీత దాటినట్టే. ఏడాదికి 52 సంచికలు వేసే వారపత్రికకు సంచికకు 49 చాలు. త్రైమాసికకు మాత్రం సంచికకు 625 కావాలి, అది కష్టమే. అందుకే ఏడాదికి నాలుగు సంచికలు తెచ్చేవాళ్లు ఆరుకు పెంచగలరేమో ముందు ఆలోచించుకోవాలి. అప్పుడు సంచికకు 417 సరిపోతాయి.

ఇప్పుడు రిజిస్టరు తెరుద్దాం. కంప్యూటర్‌లో పెట్టుకున్నా సరే, చేతితో రాసుకున్నా సరే. ఒక్కో చందాదారుకు ఒక్కో వరుస. అందులో చందా సంఖ్య, పేరు, తపాలా చిరునామా, డబ్బు ముట్టిన తేదీ, ఎంత, ఏ రూపంలో, రసీదు సంఖ్య, మొదటి సంచిక, చివరి సంచిక ఉండాలి. చివరి రెండు గడులనే అందరూ వదిలేస్తారు. కానీ లెక్క మొత్తం నిలబడేది వాటి మీదే.

ఒక వరుస తీసుకుందాం. మీ ప్రచురణ సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు దాకా. పత్రిక నెలకొకటి. ఒకాయన మార్చి 20న ఏడాది చందా కట్టారు. మొదటి సంచిక ఏప్రిల్‌ది, చివరిది వచ్చే మార్చిది. ఈ సంవత్సరం ఖాతాలో ఆయన పేరు మీద పడేవి 12 ప్రతులు కాదు, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా 9. మిగిలిన 3 వచ్చే ఏటి లెక్కలోకి వెళ్తాయి. అదే చిరునామాకు నిరుటి చందా ఒకటి ఫిబ్రవరితో ముగిసిందనుకోండి. దాని కింద జనవరి, ఫిబ్రవరి ప్రతులు 2 కలుస్తాయి. మార్చిలో డబ్బు రాకముందే మొహమాటానికి ఒక ప్రతి పంపి ఉంటారు. అది ఉచిత ప్రతి, అమ్మకం కాదు. అంటే ఆయన మొత్తం 11. ఇలా ప్రతి వరుసకూ వేసి కింద కూడితే వచ్చేదే మీ చందా ప్రతుల సంఖ్య.

దుకాణాల్లో అమ్మే ప్రతులకు వేరే పట్టీ పెట్టండి. ఇచ్చినవి ఎన్ని, తిరిగి వచ్చినవి ఎన్ని, డబ్బు ముట్టినవి ఎన్ని అన్నది సంచికవారీగా రాసి, దుకాణదారు సంతకం తీసుకోండి. సంతకం దగ్గర బద్ధకించవద్దు. ఎవరైనా దాత వంద ప్రతులకు డబ్బిచ్చి పంచిపెట్టమంటే వాటినీ విడిగా చూపండి. మన పత్రికలకు జీవిత చందాల అలవాటు ఎక్కువ. ఎప్పుడో కట్టిన మొత్తానికి ఈ ఏడు ప్రతులన్నీ అమ్మకాలేనని వాదించడం కన్నా, వాటిని కలపకుండానే గీత దాటేటట్టు చూసుకోవడం మేలు. సంఘం సభ్యత్వంతో పాటు పత్రిక ఇచ్చేవారు సభ్యత్వ రసీదులో పత్రిక ధరను ఇప్పటినుంచే విడిగా చూపించండి.

అసలు చిక్కు ఉచిత పత్రికలది. సముదాయ పత్రికల్లో పెద్ద భాగం సరుకుల దుకాణాల గుమ్మం దగ్గర, గుళ్లలో, గురుద్వారాల్లో దొంతరలుగా పెట్టి పంచేవే. పదివేల ప్రతులు పంచినా ఈ విభాగం లెక్కలో అవి సున్నా. కోవిడ్ కాలంలో ప్రత్యేక చర్యల కింద ఉచిత పత్రికలకూ కొంత సాయం అందింది. మూల నియమం మాత్రం మారలేదు. కొత్తగా వలస వచ్చినవారు అద్దె ఇల్లు వెతుక్కోవడానికి, ఉద్యోగ చట్టాలు తెలుసుకోవడానికి తమ భాషలో మొదట అందుకునేది ఆ ఉచిత పత్రికనే. దాన్ని సున్నాగా చూడటం అన్యాయమని నా అభిప్రాయం, ఆ మాట గట్టిగానే చెబుతాను. అయితే నియమం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. దొంతరలు అలాగే ఉంచి, పక్కన చందా మొదలుపెట్టండి. ఇంటికి పంపే ప్రతికి డబ్బు తీసుకోండి. మాసపత్రికకు కావలసింది 209 మందే కదా.

ఆ దారి కుదరనివారికి లోకల్ జర్నలిజం ఇనీషియేటివ్ ఉంది. 2018 బడ్జెట్‌లో ఐదేళ్లకు 5 కోట్ల డాలర్లతో దాన్ని ప్రకటించారు, 2024లో మరో మూడేళ్లకు పొడిగించారు. అక్కడ ప్రతుల లెక్క అడగరు. పట్టించుకునేవారు లేని సముదాయాల వార్తలు రాసే విలేకరి జీతానికి డబ్బిస్తారు. జాతి సముదాయాల పత్రికల తరఫున ఆ నిధులను పంచే బాధ్యత నేషనల్ ఎత్నిక్ ప్రెస్ అండ్ మీడియా కౌన్సిల్ ఆఫ్ కెనడా చూస్తుంది. దాని దరఖాస్తు పద్ధతి ఐదో పాఠంలో వస్తుంది.

ప్రతుల తర్వాత కొలవాల్సింది ప్రకటనలు. పత్రికలో ప్రకటనల వాటా ఏడాది సగటున 70 శాతం మించకూడదు. కళ్లతో చూసి అంచనా వేయవద్దు, స్కేలు పట్టుకోండి. 32 పేజీల సంచికలో నిండు పేజీ ప్రకటనలు 9, అరపేజీవి 10, పావు పేజీవి 14, పేజీలో ఎనిమిదో వంతువి 16 ఉన్నాయనుకుందాం. 9కి 5, 3.5, 2 కలిపితే 19.5 పేజీలు. 32లో అది దాదాపు 61 శాతం. పర్వాలేదు. ఇప్పుడు దీపావళి సంచిక చూడండి. 48 పేజీల్లో శుభాకాంక్షల ప్రకటనలే 38 పేజీలు, అంటే 79 శాతం. గుండె గుభేల్‌మంటుంది. ఏడాది మొత్తానికి కూడి చూడండి. 11 మామూలు సంచికలు, ఒక దీపావళి సంచిక కలిపితే 400 పేజీలు, ప్రకటనలు 252.5 పేజీలు. సగటు 63 శాతం. నిశ్చింతగా ఉండవచ్చు. డబ్బు తీసుకుని వ్యాసం రూపంలో వేసిన దుకాణం పరిచయాన్ని కూడా ప్రకటన కిందే కొలవాలి. దాన్ని వార్తగా చూపించడం పాఠకుడిని మోసగించడమే.

పన్ను రాయితీ సంగతి ఒక్క మాటలో చెప్పి ముగిస్తాను. గుర్తింపు పొందిన పాత్రికేయ సంస్థలకు విలేకరుల జీతాల మీద పన్ను రాయితీ ఉంది. దానికి కనీసం ఇద్దరు విలేకరులు ఉద్యోగులుగా ఉండాలి. ప్రచురణకర్తలకు సాయం అందుకున్న పత్రికకు ఆ మేరకు రాయితీలో కోత పడుతుంది. రెండూ వస్తాయని బడ్జెట్ వేసుకుని అప్పులు చేయవద్దు.

అభ్యాసం: మీ పత్రిక గత 12 నెలల సంచికలు ముందు పెట్టుకోండి. చందా రిజిస్టరులోంచి ఏవైనా ఇరవై వరుసలు తీసుకుని మొదటి సంచిక, చివరి సంచిక గడులు నింపండి. నింపలేని వరుసలకు రసీదు వెతకండి, దొరకకపోతే చందాదారుకు ఫోను చేసి అడగండి. రసీదూ దొరకక, చందాదారూ చెప్పలేకపోతే ఆ వరుసను అమ్మకాల్లోంచి తీసేయండి. తర్వాత ఒక మామూలు సంచికనూ, ఒక పండుగ సంచికనూ స్కేలుతో కొలిచి ప్రకటనల శాతం వేయండి. నాలుగో పాఠం ఈ రెండు కాగితాలతోనే మొదలవుతుంది. సంచికలో కెనడాలో తయారైన రచనల వాటాను ఎలా గుర్తించాలో, పుట్టిన దేశంలోని పత్రికల నుంచి తెచ్చుకున్న వార్తలను ఏ గడిలో వేయాలో అందులో చూద్దాం.