అందరికీ నచ్చిన నవల మీకు నచ్చకపోతే ఆ మాట చెప్పడం ఎలా

లక్షలమంది నెత్తిన పెట్టుకున్న నవల మీకు ఎక్కలేదనుకోండి, మామూలుగా జరిగేవి రెండే, అందరూ మెచ్చుకుంటుంటే మధ్యలో మనకెందుకులే అని ఊరుకోవడం, లేదంటే ‘ఓవర్‌రేటెడ్’ అని ఒక్క ముక్క పడేసి వెళ్ళిపోవడం. రెండిట్లోనూ ఆ పుస్తకానికే అన్యాయం అంటాను నేను. పాపులర్ ఫిక్షన్‌ని నిజంగా ఇష్టపడేవాళ్ళు దాంతో గొడవ కూడా శ్రద్ధగా పడాలి, ఎక్కడ తేడా కొట్టిందో పేజీ తీసి చూపించగలగాలి. అలా చూపించడం ఎలాగో నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు మీ కోపం దేనిమీదో తేల్చుకోండి

నచ్చలేదు అనే మాటలో మూడు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి మీ టేస్ట్, అంటే మీకు దెయ్యాల కథలే పడవు, ఎంత బాగా రాసినా పడవు, అందులో తప్పు లేదు గానీ అది పుస్తకం గురించిన అభిప్రాయం కాదు. రెండోది, పుస్తకం మొదట్లో ఒకటి చేస్తానని ఆశ పెట్టి చివరికి చెయ్యలేకపోవడం, అసలు మాట్లాడాల్సింది దీని గురించే. మూడోది ఆ పుస్తకం చుట్టూ జరిగే హడావుడి మీద విసుగు, ఎక్కడ చూసినా దాని అట్టే, ఎవరు కలిసినా చదివావా చదివావా అని. చాలా ‘అన్‌పాపులర్ ఒపీనియన్స్’ వెనక ఉండేది ఈ మూడోదే. ఇదే కథ పేరు తెలీని రచయిత రాసి, ఎవరూ మాట్లాడుకోకుండా మీ చేతికొచ్చి ఉంటే ఏమనేవాళ్ళు అని ఒకసారి అడిగి చూసుకోండి, ‘పర్లేదు బానే ఉంది’ అనే జవాబొస్తే మీ గొడవ పుస్తకంతో కాదు.

దీనికి సాయం చేసే పని ఒకటుంది, చదువుతున్నప్పుడే గుర్తు పెట్టుకోవడం. పుస్తకం అయిపోయాక మిగిలేది మొత్తమ్మీద ఒక చికాకు, అది ఎక్కడ మొదలైందో గుర్తుండదు. అందుకే పేజీ నంబర్ వేసి పక్కన ఒక్క ముక్క రాసుకోండి చాలు, ‘ఈమె ఇంత తొందరగా ఎందుకు క్షమించింది’, ‘ఈ డైలాగ్ ఇద్దరిలో ఎవరన్నా ఒకటే’, ‘యుద్ధం వర్ణన మళ్ళీనా’ ఇలా. చివర్లో అన్నీ కలిపి చూస్తే రెండు మూడు ఒకే రకానివి కనిపిస్తాయి, మీ అభిప్రాయం అక్కడ ఉంది.

చూపించడం అంటే ఇలా

ఈ పనిలో నాకు గురువులాంటి వ్యాసం అమెరికన్ హాస్య రచయిత మార్క్ ట్వేన్ 1895లో రాసింది. జేమ్స్ ఫెనిమోర్ కూపర్ అడవి సాహసాల నవలల్ని అప్పటికే కొన్ని తరాలు చదివాయి, పెద్ద ప్రొఫెసర్లు కూడా మెచ్చుకున్నారు, కూపర్ పోయి నలభై ఏళ్ళు దాటింది. ట్వేన్ వచ్చి ఇది బాలేదు అని ఊరుకోలేదు, కూపర్ నవల ‘డీర్‌స్లేయర్’లోంచి ఒక్క సీన్ తీసి బల్లమీద పరిచాడు. ఏటిమీదికి వంచిన చెట్టెక్కి ఆరుగురు అమెరికా ఆదివాసులు మాటేసి ఉంటారు, కిందనుంచి ఇల్లు కట్టిన పడవొకటి వస్తుంటే దాని మీదికి దూకాలని ప్లాన్. ట్వేన్ లెక్కలు వేస్తాడు, పడవ 140 అడుగులు, మీద ఇల్లు 90 అడుగులు, వేగం గంటకి మైలు, అంటే ఇల్లు ఒక్కటే దాటడానికి నిమిషం పడుతుంది, అంతసేపు కిందే ఉన్న ఇంటిమీదికి దూకలేక నాయకుడు పడవ వెనక కొసమీద పడి స్పృహ తప్పుతాడు, మిగతా ఐదుగురూ పడవ వెళ్ళిపోయాక ఒకరి తర్వాత ఒకరు నీళ్ళలోకి దూకుతారు! ఆ పేజీ చదివాక కూపర్ అభిమాని కూడా ఆ సీన్‌ని మునుపటిలా చదవలేడు.

అదే వ్యాసంలో ఇంకో విషయం కూడా నేర్చుకోవాలి, ఆ 140 అడుగులు కూపర్ రాసింది కాదు, ఊహించి చూద్దాం అంటూ ట్వేన్ వేసుకున్న అంకె. నవ్వించడానికి అది పనికొచ్చింది గానీ ఎవరైనా పుస్తకం తీసి వెతికితే వాదన బలహీనపడేది సరిగ్గా అక్కడే. అందుకని మీరు చెప్పేటప్పుడు పెంచి చెప్పకండి, హీరోయిన్ రెండుసార్లు ఏడిస్తే ‘ప్రతి పేజీలో ఏడుస్తుంది’ అనకండి, రెండుసార్లే అని చెప్పి ఆ రెండూ ఎందుకు నమ్మించలేదో చెప్పండి.

ఇప్పుడు నా అభిప్రాయం ఒకటి తీసుకుని చేసి చూపిస్తా. ట్విస్ట్‌కి మనం ఇచ్చే విలువ చాలా ఎక్కువ, ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మేది. కానీ ‘ట్విస్టులు వేస్ట్’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. దాన్నే ఇలా చెప్తా: కథ చెప్పేవాడు ‘నేను’ అంటూ మూడొందల పేజీలు తన మనసులో ప్రతి ఆలోచనా మనకి వినిపించాడు, కాఫీ చల్లారిపోయింది అనే దిగులు కూడా చెప్పాడు, భార్యని తనే దాచాడన్న సంగతి మాత్రం ఒక్కసారి కూడా మనసులోకి రానివ్వలేదు, ఎందుకంటే వస్తే రచయిత సర్‌ప్రైజ్ పోతుంది. అక్కడ ఆ మనిషి నాకు మనిషిలా కనిపించడం మానేశాడు. ట్విస్ట్ తెలిశాక మొదటినుంచీ చదివితే పాత వాక్యాలకి కొత్త అర్థం రావాలి, రాకపోతే అది దాపరికమే. ఇలా చెప్తే ట్విస్టులు ఇష్టపడేవాళ్ళు కూడా నాతో మాట్లాడగలరు, ఫలానా నవలలో వస్తుంది కదా అని చూపించగలరు. అగాథా క్రిస్టీ 1926 నవల ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ ముగింపు అన్యాయం అని అప్పట్లో కొందరు పాఠకులు గొడవ చేశారు, తనూ డిటెక్టివ్ నవలలు రాసే డొరతీ సేయర్స్ లాంటివాళ్ళు వెనకేసుకొచ్చారు, నేనైతే క్రిస్టీ పక్షమే, అందులో మాటలు మళ్ళీ చదివితే ఒక్కటీ అబద్ధం కాదు. (ముగింపు ఏంటో ఇక్కడ చెప్పను, చదవనివాళ్ళుంటారు, మీరు కూడా ఎంత పాత పుస్తకమైనా ముందు హెచ్చరించి చెప్పండి.)

ఏ రకం పుస్తకమో ఆ కొలతతో కొలవండి

డిటెక్టివ్ నవలలో క్యారెక్టర్ల లోతు లేదు అనడం తేలిక. ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు, నేరస్తుడు కథ మొదట్లోనే కనపడాలి, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికి దాచకూడదు, ముందుగా సిద్ధం చెయ్యకుండా కవలల్ని దింపకూడదు, ఇలాంటివి. అవన్నీ పాటించాలని కాదు, కానీ ఆ పుస్తకం ఆడే ఆటేంటో దీన్నిబట్టి తెలుస్తుంది, ఆ ఆటలో ఓడిపోయింది అని చూపిస్తే మీ మాటకి బరువుంటుంది. రొమాన్స్‌ని ‘చివరికి కలుస్తారని ముందే తెలుసుగా’ అని తీసిపారెయ్యడం నాకు అస్సలు నచ్చదు, కలుస్తారని తెలిసే చదువుతాం, ఎలా కలుస్తారన్నదే అక్కడ పని.

అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ సంగతి కూడా చెప్పాలి. 1944లో ‘న్యూయార్కర్’ పత్రికలో ఆయన డిటెక్టివ్ కథలు జనం ఎందుకు చదువుతారో నాకు అర్థం కావట్లేదని రాస్తే ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, మీరు తప్పు పుస్తకాలు చదివారు ఇవి చదవండి అని. ఆయన వాళ్ళు చెప్పినవి తెప్పించుకుని చదివి, 1945లో ఇంకా ఘాటుగా ఇంకో వ్యాసం రాశాడు. ఆయన తీర్పుతో నాకు పేచీ ఉంది, పజిల్ కోసం రాసిన కథలో వాక్యం అందం వెతికాడు, కానీ అభిమానులు బెస్ట్ అన్నవి తెప్పించుకుని చదివాడు చూడండి, ఆ పద్ధతి మాత్రం మనం పాటించాలి. పన్నెండు భాగాల సిరీస్‌లో మొదటిది సగం చదివి సిరీస్ మొత్తం మీద తీర్పు ఇవ్వకండి. సగంలో వదిలేస్తే సగంలో వదిలేశానని చెప్పండి, ఎందుకు వదిలేశారో అదే మంచి సమాచారం.

అవతలి పక్షం బలమైన మాట మీరే ముందు చెప్పండి

చచ్చిపోయిన క్యారెక్టర్‌ని మళ్ళీ బతికించడం నాకు నచ్చదు. దీనికి ఎదురుగా ఉన్న పెద్ద ఉదాహరణ షెర్లాక్ హోమ్స్, కోనన్ డోయల్ 1893లో జలపాతం దగ్గర చంపేశాడు, జనం ఊరుకోలేదు, 1903లో తిరిగి తెచ్చాడు, తెచ్చాక రాసినవాటిలో మంచి కథలున్నాయి, అవి లేకుండా ఉంటే బాగుండు అని నేను అనలేను. అది ఒప్పుకున్నాక నా మాట చెప్తా, హోమ్స్ చివరిసారిగా రాసిపెట్టిపోతే జలపాతం దగ్గర అతని స్నేహితుడు వాట్సన్ చదివే ఆ ఉత్తరానికి ఇప్పుడు ఆ బరువు లేదు, దాన్ని ఇక ఎవరూ 1893లో చదివినట్టు చదవలేరు. సిరీస్‌లో ఒకసారి చావుని రద్దు చేస్తే తర్వాత వచ్చే ప్రతి ప్రమాదాన్నీ పాఠకుడు సగమే నమ్ముతాడు.

అలాగే విలన్‌కి చివర్లో ఒక చాప్టర్ చేదు బాల్యం ఇచ్చి లెక్క సరిచెయ్యడం కూడా నాకు పడదు, ఆ బాధ అతను మొదటినుంచీ చేసే పనుల్లో కనిపించాలి.

అన్‌పాపులర్ ఒపీనియన్ అంటే తిట్టడమే అనుకోవద్దు, అందరూ చిన్నచూపు చూసేదాన్ని మెచ్చుకోవడం ఇంకా కష్టం. ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1945లో ఇదే చేశాడు, బానిసత్వం మీద వచ్చిన పాపులర్ నవల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’, విమర్శకులు మెచ్చుకునే వర్జీనియా వూల్ఫ్ మొత్తం రచనలకన్నా ఎక్కువకాలం బతుకుతుందని పందెం కాస్తానన్నాడు, ఆ గొప్ప ఎక్కడుందో చూపించే సాహిత్య పరీక్ష మాత్రం తనకి తెలీదని కూడా అక్కడే రాశాడు. మీకు కారణం దొరక్కపోతే అలా నేరుగా చెప్పెయ్యండి.

మనుషులతో

పుస్తకాన్ని అనండి, చదివినవాళ్ళని అనకండి. ‘ఇది నచ్చినవాళ్ళకి చదవడం రాదు’, ‘టీనేజర్లకే ఇలాంటివి’, ‘ఆడవాళ్ళ నవలలు’ ఇవి రాగానే మీరు చూపించిన పేజీలన్నీ ఎగిరిపోతాయి, ఎవరూ చూడరు. ఎవరైనా ఆ నవల మధ్యలో ఉంటే వాళ్ళని పూర్తి చెయ్యనివ్వండి, అడిగినప్పుడు చెప్పండి. ఒక కష్టకాలంలో ఆ పుస్తకం పట్టుకుని నిలబడ్డానని చెప్పేవాళ్ళుంటారు, వాళ్ళకి ప్లాట్‌లో లొసుగులు చూపించాల్సిన అవసరం ఏమీ లేదు.

ఇంత చేసినా ‘నువ్వు రాయి చూద్దాం’ అనేవాళ్ళు వస్తారు, దానికి జవాబు ఇవ్వక్కర్లేదు, చదవగలిగినవాళ్ళందరికీ చెప్పే హక్కుంది. ఆ గోలలోనే ఎవరో ఒకరు ‘మీరన్న చాప్టర్ మళ్ళీ చదివాను, నాకు వేరేలా అనిపించింది, ఈ పేరా చూడండి’ అని రాస్తారు. వాళ్ళు చెప్పిన పేరా తీసి చదివి, అప్పుడు జవాబు రాయండి.