స్క్వాట్ బరువు తగ్గకుండా సైకిల్ తొక్కడం ఎలా?

సైకిల్ తొక్కితే కాళ్లకు బలం వస్తుందన్న మాట సగమే నిజం. 30 కిలోమీటర్ల దూరంలో పెడల్ కొన్ని వేల సార్లు తిరుగుతుంది గానీ, భుజాల మీద 100 కిలోల బార్‌తో కూర్చుని లేచే స్క్వాట్‌లో తొడలపై పడే భారంతో పోలిస్తే ఒక్కొక్క తొక్కుడుకు పడే భారం స్వల్పం. అందువల్ల సైకిల్‌తో తొడలకు ఓర్పు పెరుగుతుంది, కొత్తవారికి మొదటి నెలల్లో కొంత కండ కూడా పడుతుంది. కొన్నేళ్లుగా బరువులెత్తుతున్నవారి స్క్వాట్ మాత్రం దానివల్ల పెరగదు. అజాగ్రత్తగా ఉంటే తగ్గుతుంది కూడా.

వ్యాయామ పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ 1980లో ప్రచురించిన అధ్యయనంలో, 10 వారాల పాటు బరువులతోపాటు సైక్లింగ్, పరుగు కూడా సాధన చేసిన బృందానికి సుమారు 7వ వారం వరకు కాళ్ల బలం పెరిగి, అక్కడ నిలిచి, చివరి వారాల్లో తగ్గింది. అయితే వారు వారానికి 5 రోజులు బరువులెత్తుతూ 6 రోజులు ఓర్పు సాధన చేశారు. ఉద్యోగం, ఇల్లు చూసుకునేవారిలో అంత చేయగలవారు అరుదు. పైగా పరుగుతో పోలిస్తే సైకిల్ వల్ల కలిగే నష్టం తక్కువ, ఎందుకంటే అందులో పాదం నేలను గుద్దుకోదు, కండరం సాగుతూ బరువును ఆపవలసిన పనీ దాదాపు ఉండదు.

మన ప్రాంతంలో అసలు చిక్కు గాలితోనే వస్తుంది. నెల్లూరు నుంచి తూర్పున తీరంలోని మైపాడు వెళ్లినా, ఒంగోలు నుంచి అలాగే కొత్తపట్నం వెళ్లినా రోడ్డు చదునుగా ఉంటుంది కనుక దూరాన్ని చూసి తేలిక ప్రయాణమే అనుకుంటాం. పడమటి గాలి వీచే వేసవి రోజుల్లో సముద్రం నుంచి తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలిలోనే సాగుతుంది, అది కొండ ఎక్కడంతో సమానం. నేను ఒకసారి మైపాడు వెళ్లివచ్చిన మర్నాడే స్క్వాట్‌కు నిలబడి, వారం కిందట 5 సార్లు లేపిన బరువును 2 సార్లకు మించి లేపలేకపోయాను. కాబట్టి తేలిక రోజును కిలోమీటర్లతో కాక ఊపిరితో కొలవాలి: పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే అది తేలిక, మాట తెగుతుంటే గేరు తగ్గించాలి. నెల్లూరు దగ్గరి నరసింహకొండ ఘాట్ ఎక్కడం వంటి గట్టి సాధనను వారానికి ఒక్కసారికే పరిమితం చేసి, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పైకెత్తి నిలబడడం) రోజులకు కనీసం 48 గంటల ఎడం ఉంచడం మేలు.

రెండూ ఒకే రోజు చేయక తప్పకపోతే ముందు బరువులు, ఆ తర్వాతే సైకిల్. మధ్యలో 6 గంటలు విరామం దొరికితే ఇంకా మంచిది. ఎండల దృష్ట్యా ఉదయం సైకిల్, సాయంత్రం జిమ్ అని పెట్టుకునేవారు ఉదయం తొక్కుడును తేలికగా 30 నుంచి 45 నిమిషాలకు కుదించుకోవాలి.

సీటు ఎత్తును చాలామంది పట్టించుకోరు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా, అంటే 25 నుంచి 35 డిగ్రీల వరకు వంగి ఉండాలి. సీటు కిందికి ఉంటే మోకాలిచిప్ప మీద ఒత్తిడి పెరిగి, ఆ నొప్పి స్క్వాట్‌లో బయటపడుతుంది. ఎక్కువసేపు ముందుకు వంగి తొక్కడం వల్ల తుంటి ముందు భాగం బిగుస్తుంది కనుక బార్ కిందకు వెళ్లే ముందు దాన్ని సాగదీయాలి. తొడ వెనుక కండరాలకు సైకిల్‌పై పని తక్కువ; వాటికి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లను కొద్దిగానే వంచి, తుంటి దగ్గర వంగుతూ బార్‌ను దించి లేపడం) తప్పనిసరి.

తిండి తగ్గితే ఈ ఏర్పాట్లేవీ పనిచేయవు. 70 కిలోల బరువున్నవారికి రోజుకు సుమారు 112 గ్రాముల ప్రోటీన్ అవసరం. ఒక గుడ్డులో దొరికేది 6 గ్రాములే. సైకిల్ తొక్కిన రోజున అన్నం తగ్గించకూడదు, ఉప్పు వేసిన మజ్జిగ మరువకూడదు.

ఎత్తిన బరువులను నోటుపుస్తకంలో రాసుకోండి. రెండు వారాలు వరుసగా స్క్వాట్ పడిపోతే ముందుగా గట్టిగా తొక్కే రోజును తీసివేసి, తేలిక రోజులను అలాగే ఉంచండి.