చెరకాకు కంట్లో గీసుకుంటే: నల్లగుడ్డు వాపు రకాలు, వెంటనే చేయాల్సినవి

చిత్తూరు వైపు చెరకు కొట్టే రోజుల్లో ఆకు అంచు కంట్లో గీసుకోవడం మామూలే. మొదట మెరమెరే. కొన్ని రోజులకు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ తేలుతుంది. అది నల్లగుడ్డు మీది పారదర్శక పొర (కార్నియా) వాపు, కెరటైటిస్. కళ్లకలక అనుకోకండి. కలకలో పుసి ఎక్కువ, తుడిస్తే చూపు బాగానే ఉంటుంది. ఇందులో నొప్పి ఎక్కువ, చూపు మసక.

ఆకో దుమ్మో పడగానే రుద్దకుండా శుభ్రమైన నీళ్లు ధారగా పోయండి. సున్నమో పురుగుమందో అయితే కుళాయి కిందే కనీసం 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి పరుగెత్తాలి. గుచ్చుకున్న ముల్లును లాగొద్దు. చనుబాలు, ఆముదం, ఆకుపసరు వద్దు. కట్టూ వద్దు.

పచ్చాకు, వరిపొట్టు తగిలితే ముందు అనుమానించాల్సింది ఫంగస్‌నే, ముఖ్యంగా ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్. మెల్లగా పాకుతుంది, మచ్చ అంచులు ఈకల్లా ఉంటాయి. దీనికి డాక్టర్లు సాధారణంగా రాసేది 5 శాతం నాటమైసిన్ అనే ఫంగస్ మందు చుక్కలు. సీసా బాగా కుదిపి, మొదట్లో గంటకోసారి వేయాలి. వారాల తరబడి వాడాలి, ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

బ్యాక్టీరియా పుండు ఒకట్రెండు రోజుల్లోనే ముదురుతుంది. కాంటాక్ట్ లెన్సులతో నిద్రపోయేవాళ్లలో ఎక్కువ. లెన్సులను కుళాయి నీళ్లతో కడిగినా, వాటిని తీయకుండా పుష్కరిణిలో మునిగినా అకాంతమీబా అనే నీటి క్రిమి చేరొచ్చు. దీనికి పుండు చిన్నదే, నొప్పి మాత్రం భరించలేనిది. హెర్పిస్ వైరస్ పుండు కొమ్మల్లా చీలి, మళ్లీమళ్లీ వస్తుంది. క్రిమి లేకుండానూ వాపు రావచ్చు: మూతి వంకరపోయి రెప్ప మూతపడనివాళ్లకు, కన్ను పొడిబారినవాళ్లకు, విటమిన్ ఎ లోపించిన పిల్లలకు.

అన్నిటికంటే కన్ను పోగొట్టేది మెడికల్ షాపులో అడిగి వేసుకునే చుక్కలు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం అడ్డులేకుండా దిగిపోతుంది. డాక్టరు చూసి రాస్తే తప్ప ముట్టొద్దు.

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి, అరవింద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. వాడిన సీసాలన్నీ, లెన్సుల డబ్బాతో సహా తీసుకెళ్లండి. ఏ ఆకు, ఎప్పుడు తగిలిందో చెప్పండి. పుండు గీకి, స్లైడు మీద చూస్తే ఫంగస్ ఉందో లేదో చాలాసార్లు ఆరోజే తేలుతుంది. రెండు రకాల చుక్కలు రాస్తే మధ్యన 5 నిమిషాలు ఆగండి. నల్లగుడ్డు వెనక అడుగున తెల్లటి చీము గీతలా నిలిస్తే తెల్లారేదాకా ఆగకండి.