పైథాన్ నేర్చుకుందాం – 6: జాబితాలో ఈ పేరు ఉందా?

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో కిందటి పాఠంలో జాబితా కట్టాం, ఇప్పుడు అందులో వెతుకుదాం. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక మిఠాయి దుకాణం ఉందనుకోండి. కొన్ని పేటలకే సరుకు ఇంటికి పంపుతుంది. ఫోను చేసినవారి పేట వాటిలో ఉందో లేదో ప్రోగ్రామ్ చెప్పాలి.

పేటలు = ["పటమటలంక", "గుణదల", "మొగల్‌రాజపురం"]
ఇఫ్ "గుణదల" ఇన్ పేటలు:
    ప్రింట్("పంపుతాం")

ఇఫ్, ఇన్, ప్రింట్‌లను కంప్యూటర్‌లో ఆంగ్ల అక్షరాలతోనే కొట్టాలి; కింద వచ్చే డెఫ్, రిటర్న్, \యు200సి వంటివీ అంతే. 'పేటలు' అన్న పేరు తెలుగులో ఉన్నా పైథాన్ 3కి అభ్యంతరం లేదు. ఇన్ మొదటి పేరు నుంచి వరసగా పోల్చుకుంటూ పోతుంది. దొరికిన చోట ఆగి ట్రూ (ఉంది) అంటుంది, చివరిదాకా దొరక్కపోతే ఫాల్స్ (లేదు). దీనికోసం ఒక్కో పేరును తిప్పి చూసే ఫర్ లూప్ రాయడం వృథా శ్రమ.

చతురస్ర కుండలీకరణాలు మరచి, పేర్లన్నీ ఒకే కొటేషన్‌లో "పటమటలంక, గుణదల" అని రాశారో, కథ మారిపోతుంది. అప్పుడు అది జాబితా కాదు, ఒకే స్ట్రింగ్, అంటే అక్షరాల దండ. స్ట్రింగ్‌లో ఇన్ ముక్క కోసం వెతుకుతుంది కాబట్టి "పటమట" అని అడిగినా ట్రూ వస్తుంది. దుకాణం పంపని పేటకు లడ్డూలు బయలుదేరతాయి! జాబితాలోనైతే పూర్తి పేరు కలిస్తేనే ట్రూ.

అసలు తలనొప్పి మొగల్‌రాజపురంతో. కొందరు 'ల్' పొల్లును నిలబెట్టి రాస్తారు, కొందరు కింద ర వత్తు ఇచ్చి 'మొగల్రాజపురం' అంటారు. చదివితే ఒకటే. గుర్తులతో సహా అక్షరాలను లెక్కపెట్టే లెన్‌తో కొలిస్తే మాత్రం మొదటిది 13, రెండోది 12. మొదటిదాంట్లో పొల్లు వెనక కంటికి కనిపించని అక్షరం ఒకటి దాగి ఉంది, అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ఇన్‌కు ఇవి వేర్వేరు మాటలే. స్ట్రిప్ అంచుల్లోని ఖాళీలనే తీస్తుంది, దీని జోలికి పోదు. అందుకని ఆ అక్షరాన్ని రిప్లేస్ చేత తీయించే పనిని 'శుభ్రం' అన్న పేరుతో రాసుకుందాం:

డెఫ్ శుభ్రం(పేరు):
    రిటర్న్ పేరు.రిప్లేస్("\యు200సి", "").స్ట్రిప్()

అడిగిన పేరును ఒక్కదాన్నే కడిగితే చాలదు, జాబితాలోని పేర్లనూ కడగాలి. లేకపోతే మళ్లీ ఫాల్సే.

వేల పేర్లున్నప్పుడు వరస వెతుకులాట ఆలస్యమవుతుంది. దానికి సెట్ ఉంది, వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా గుంటూరు పేటలతో అభ్యాసం చేయండి: బ్రాడీపేట, అరండల్‌పేట, కొత్తపేట. 'అరండల్పేట' అని అడిగితే ట్రూ రావాలి, ఉత్త 'పేట' అని అడిగితే ఫాల్స్ రావాలి.