వెబ్‌సైటులోని ప్రధాన చిత్రాల సైజు తగ్గించే ముందు జాగ్రత్తలు

అన్నింటికంటే ముందు అసలు చిత్రాలను వేరొకచోట భద్రపరచుకోవాలి, ఎందుకంటే ఒకసారి కుదించిన జేపెగ్ ఫైలులో పోయిన వివరాలు తిరిగి రావు.

తరువాత, పేజీలో ఆ చిత్రం నిజంగా ఎంత వెడల్పున కనిపిస్తున్నదో కొలవాలి. 800 పిక్సెళ్ల చోటులో 4000 పిక్సెళ్ల ఫోటోను పెడితే, బ్రౌజరు ఆ పెద్ద ఫైలునంతటినీ దింపుకుని మరీ చిన్నదిగా చూపవలసి వస్తుంది కనుక, పాఠకుల డేటా, సమయం రెండూ వృథా అవుతాయి. అయితే పిక్సెళ్ల సాంద్రత ఎక్కువగా ఉన్న ఫోన్ తెరల కోసం రెట్టింపు వెడల్పు, అంటే 1600 పిక్సెళ్ల ప్రతిని కూడా సిద్ధం చేయడం మంచిది.

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో, సెట్టింగులలోని చిత్రాల కొలతలు మార్చినంత మాత్రాన పాత చిత్రాలు మారవు. వాటి థంబ్‌నెయిళ్లను, అంటే చిన్న సైజు ప్రతులను, మళ్లీ తయారు చేయించాలి.

వెబ్‌పీ అనే చిత్ర ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు అక్షరాలున్న చిత్రాలను తప్పక కంటితో సరిచూడండి, అంచులు మసకబారితే ముందుగా తెలిసేది అక్కడే.

ఇమేజ్ ట్యాగులో, అంటే పేజీ కోడులో చిత్రాన్ని చేర్చే చోట, వెడల్పు, ఎత్తు రాయకపోతే చిత్రం వచ్చినప్పుడు కింది వాక్యాలు ఒక్కసారిగా జరిగిపోతాయి, చదువుతున్నవారికి ఇది నిజంగా బాధాకరం.

పేజీ తెరవగానే కనిపించే ప్రధాన చిత్రానికి లేజీ లోడింగ్ (పాఠకులు దగ్గరికి వచ్చేదాకా చిత్రాన్ని దింపకుండా ఆపడం) పెట్టకూడదు. తెరపై అతిపెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ సూచించే ప్రమాణం. చాలా పేజీలలో ఆ అంశం ఈ చిత్రమే.